తడి బట్ట తూకం

మొన్న ఆదివారం పొద్దున ధర్మపురిలో మా గల్లీ మూల మీది కిరాణా దుకాణంలో ఒక పిలగాడు తడి ధోవతిని కాంటా మీద పెట్టించాడు. దుకాణదారు ముందు ఒప్పుకోలేదు, చక్కెర తూచే కాంటా తడుస్తుందని. పిలగాడు బతిమిలాడి, కింద పాలిథీన్ సంచి పరిచి, తూకం చూసి అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. పొడిగా ఉన్నప్పుడు మూడు వందల గ్రాములున్న నూలు ధోవతి, గోదావరిలో ముంచి నీళ్లు కారుతుండగా తూస్తే తొమ్మిది వందలయింది. "మూడింతలయింది కాకా" అన్నాడు నన్ను చూసి, దిగులుగా.

ఆ పిలగాడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. నలుగురు కలిసి ప్రాజెక్టు కింద చక్రాల మీద తిరిగే రోబో చేయి కడుతున్నారు. నాలుగు చక్రాల బండి, దాని మీద ఒక చేయి, చేయి చివర పట్టు. ఫోన్‌లో వేలు కదిపితే బండి నడుస్తుంది, చేయి వంగుతుంది, పట్టు మూసుకుంటుంది. మన రాష్ట్రంలో ఏ ఇంజనీరింగ్ కాలేజీ ప్రదర్శనకు వెళ్లినా ఇలాంటిది ఒకటైనా కనిపిస్తుంది. ఆర్డుయినో బోర్డు, బ్లూటూత్ ముక్క, మోటార్లను నడిపే చిన్న సర్క్యూట్, కీళ్ల దగ్గర సర్వో మోటార్లు. బల్ల మీది ఖాళీ అట్టపెట్టెను పట్టి పక్కన పెడుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. మార్కులు పడ్డాక అది బీరువాలోకి పోతుంది. కొన్నాళ్లకు దాని మోటార్లు పీకి, తర్వాతి బ్యాచ్ వాళ్లు తమ బండికి పెట్టుకుంటారు.

అక్కడిదాకా వచ్చినా నయమే. ఆ మాత్రం కూడా కట్టకుండా, పట్నంలో డబ్బు కట్టి తయారైన ప్రాజెక్టును అట్టపెట్టెలో తెచ్చుకునేవాళ్లున్నారు. రిపోర్టు కూడా బైండింగుతో సహా వస్తుంది. వైవాలో ఏమడుగుతారో, ఏం చెప్పాలో కూడా అమ్మినవాళ్లే నేర్పి పంపుతారు. ఈ పిలగాడి జట్టు కూడా మొదట అదే ఆలోచనలో ఉందట. తలా ఇంత వేసుకుంటే అయిపోతుందనుకున్నారు. ఆ డబ్బు ఇంట్లో అడగడానికి వీడికి నోరు రాలేదు. తల్లి బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం కట్టి, వెయ్యి బీడీలకు ఇంత అని వచ్చే కూలీ అది. ధర్మపురి, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఎన్ని ఇళ్ల చదువులు ఆ చాటలోంచి నడిచాయో మా ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు.

డబ్బు లేకపోవడం మంచిదైందని నేను అనను, ఎవరి విషయంలోనూ. కానీ కొనుక్కొచ్చిన చేయి ఒక్క పాఠమూ నేర్పదని మాత్రం ఈ రెండు నెలలుగా వీళ్ల పాట్లు చూశాక గట్టిగా చెప్పగలను.

లెక్కే చూడండి. పిల్లలు ఎక్కువగా వాడే లోహపు పళ్ల సర్వో ఎంజీ996ఆర్. బరువు 55 గ్రాములు. 4.8 వోల్టుల దగ్గర దాని గరిష్ఠ తిప్పే బలం 9.4 కిలో-సెంటీమీటర్లు. అంటే ఇరుసుకు ఒక సెంటీమీటర్ దూరంలో 9.4 కిలోలను ఆపగలదు. దూరం పెరిగేకొద్దీ ఆపగలిగే బరువు కరిగిపోతుంది. ముప్పై సెంటీమీటర్ల చేయి చివర అది ఆపగలిగేది మూడు వందల గ్రాముల పైచిలుకే. నిండు బిందెను చంకలో పెట్టుకొని ఎంతదూరమైనా నడిచే మనిషిని, అదే బిందెను చేయి చాచి పట్టుకోమంటే ఎంతసేపు పట్టుకుంటుంది? అదే సంగతి ఇక్కడా.

ఆ మూడు వందల గ్రాములు కూడా చేయికి సొంత బరువు లేదనుకుంటేనే. చివర పట్టు, దాని మోటారు కలిసి 80 గ్రాములు, భుజానికి 25 సెంటీమీటర్ల దూరంలో. మోచేతి దగ్గర ఇంకో మోటారు 55 గ్రాములు, 15 సెంటీమీటర్ల దూరంలో. పట్టీలు 60 గ్రాములు, అవీ సగటున అంతే దూరంలో. ఇవన్నీ కూడితే భుజం మోటారు మీద దాదాపు 3.7 కిలో-సెంటీమీటర్లు పడుతుంది, వస్తువును ముట్టక ముందే. దానికి 200 గ్రాముల వస్తువు తగిలిస్తే మరో ఆరు. మొత్తం 9.7. మోటారు అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. పైగా గరిష్ఠ బలం అంటే కదలకుండా ఆగిపోయే బలం. అందులో సగం దాకానే నమ్ముకోవాలి. వీళ్ల మొదటి చేయి మూలుగుతూ వంగిపోయినప్పుడు "లేస్తలేదు" అని నలుగురూ తలలు పట్టుకున్నారు. ఆ రోజు రాత్రే వీడు కాగితం తీసుకొని ఈ కూడిక వేశాడు. పుస్తకంలో బలభ్రామకం అని ఎన్నిసార్లు రాసి ఉంటాడో. అది అర్థమైంది మాత్రం ఆ రాత్రే.

తర్వాతి పాఠం కరెంటుది. చేయి కదలబోగానే బోర్డు ఆరిపోయి మళ్లీ మొదటినుంచి లేస్తుండేది. ప్రోగ్రాంలో తప్పుందని మూడు రోజులు వెతికారు. తప్పు ప్రోగ్రాంలో లేదు. ఆ సర్వో బిగుసుకుంటే రెండున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. చిన్న బోర్డు అంత ఎక్కడ ఇస్తుంది? మోటార్లకు వేరే బ్యాటరీ పెట్టారు. అప్పుడు చేయి వణకడం మొదలైంది. రెండు బ్యాటరీల మైనస్ తీగలను ఒకచోట కలపాలన్న సంగతి అలా తెలిసింది. కొన్న ప్రాజెక్టులో ఈ తీగ ముందే కలిపి ఉంటుంది, అది ఎందుకుందో తెలియకుండానే డిగ్రీ వస్తుంది.

ఇంతకీ తడి ధోవతి ఎందుకంటే, వీళ్లు తమ చేయికి ఒక పని వెతుక్కున్నారు. నన్ను వీళ్ల వైపు లాగింది అదే. ధర్మపురిలో గోదావరి దక్షిణంగా పారుతుంది. నరసింహస్వామి గుడికొచ్చేవాళ్లు, అస్థికలు కలపడానికి వచ్చేవాళ్లు, మునకలేసి పాత బట్టలను నీళ్లలోనే వదిలిపోయేవాళ్లు ఏడాది పొడుగునా ఉంటారు. మెట్ల అంచున ఆ బట్టలు, పూలదండలు, దీపాల దొప్పలు, పాలిథీన్ సంచులు పేరుకుంటాయి. వాటిని తీసేది పారిశుద్ధ్య కార్మికులు, ఎక్కువమంది ఆడవాళ్లే. పాచి మెట్ల మీద వంగి, నీళ్లలో కాలు పెట్టి తీస్తారు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015లో ఈ ఘాట్లు చూసినవాళ్లకు అప్పుడెంత చెత్త తీయాల్సి ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదని మా పెద్దలు అంటారు. వచ్చినవాళ్లు వదిలిపోయింది తీసే మనుషుల నడుముల సంగతి కూడా ఎవరో ఒకరు చూడాలి కదా.

చేయి కట్టాక పని వెతకడం వేరు, ఒక మనిషి నొప్పి చూసి చేయి కట్టడం వేరు. ఈ రెండో దారిలో మనకు చింతకింది మల్లేశం కన్నా పెద్ద గురువు అక్కర్లేదు. ఆలేరు దగ్గరి పల్లెలో వాళ్లమ్మ లక్ష్మి నేతకు ముందు దారం చుట్టే ఆసు పోసేది. ఒక పోచంపల్లి చీరకు తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి. భుజం పట్టేసేది. ఆరో తరగతితో చదువు ఆగిన ఆ కొడుకు ఏళ్ల తరబడి కొయ్యతో, మోటార్లతో కుస్తీ పట్టి 1999లో యంత్రాన్ని పూర్తి చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆసు యంత్రం ఏమిటని ఆలోచిస్తే, అదీ ఒక రోబో చేయే. ఏ చేయి ఏ దారిలో కదులుతుందో ఏళ్ల తరబడి చూసి కట్టిన చేయి.

కేరళలో కూడా ఇలాంటి కథే ఉంది. 2015లో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు, వాళ్లను కాపాడబోయిన ఆటో డ్రైవర్ చనిపోయారు. అప్పటికి ఇంజనీరింగ్ చదివిన కొందరు కుర్రాళ్లు తర్వాత జెన్‌రోబోటిక్స్ పెట్టి, మ్యాన్‌హోల్‌లోకి దిగి చెత్త తీసే బాండికూట్ అనే యంత్రాన్ని తెచ్చారు. 2018లో తిరువనంతపురంలో అది పనిలోకి దిగింది. దాన్ని నడపడం పారిశుద్ధ్య కార్మికులకే నేర్పుతున్నారు. ఈ చివరి మాట నాకు అన్నిటికన్నా ముఖ్యం. యంత్రం వచ్చి కూలీని ఇంటికి పంపితే అది ఇంకో నొప్పి. యంత్రం మీట ఆ కూలీ చేతిలోనే ఉండాలి. పిలగాడి తల్లి ఒకరోజు "బీడీలు చుట్టేటిది గూడ జేస్తవారా?" అని అడిగితే వాడు జవాబు చెప్పలేకపోయాడట. నేనైనా చెప్పలేను. బీడీ యంత్రం వస్తే ఆమె వేళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, పొయ్యి ఆరిపోతుంది. ఘాట్ పని అలాంటిది కాదు. అక్కడ మనిషి ఉండాల్సిందే, కాకపోతే నిటారుగా నిలబడి ఉండాలి.

రోబో చేయి పుట్టిందే మనిషికి నొప్పి తప్పించే పనికి. ప్రపంచంలో మొదటి కర్మాగారపు రోబో చేయి యూనిమేట్ 1961లో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిలో చేరింది. కాలే లోహపు ముక్కలను మనుషులు ముట్టకుండా తీసిపెట్టడమే దాని పని. విద్యార్థులకు అందని పనీ కాదు ఇది. 1969లో స్టాన్‌ఫర్డ్ చేయిని రూపొందించిన విక్టర్ షైన్‌మన్ అప్పటికి అక్కడి విద్యార్థి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దాని తొలి డైరెక్టర్ మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఆయనే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి (ఆర్‌జీయూకేటీ) ఛాన్సలర్‌గానూ పనిచేశారు. ఆ ఆర్‌జీయూకేటీ బాసరలో 2008 నుంచి ఉంది. అదే గోదావరి, బాసరను దాటి మా దగ్గరికే వస్తుంది. ఇటు కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. ఈ నది పొడవునా చదువుకునే పిల్లలకు లోటు లేదు.

లోటు పనిముట్లకు. వీళ్లకు ఒక పట్టీ వంచాలన్నా, ఒక పళ్లచక్రం త్రీడీ ప్రింటర్‌లో తీయాలన్నా హైదరాబాదే గతి. రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన, నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్ 78 వేల చదరపు అడుగుల్లో ఉంది, మంచి సంగతే. ధర్మపురి నుంచి రెండు వందల కిలోమీటర్లు దాటిపోవాలి. ఒక స్క్రూ రంధ్రం తప్పయితే మళ్లీ పోవాలి. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి కొత్త సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. వాటిలో రోబోలు, కొత్త యంత్రాలు ఉంటాయన్నారు. సాయంత్రం తరగతులు అయిపోయాక ఆ తలుపులు చుట్టుపక్కల ఇంజనీరింగ్ పిల్లలకు తెరవాలని నేను గట్టిగా అడుగుతున్నాను. ఐటీఐ పిలగాడికి వెల్డింగ్ వస్తుంది, ఇంజనీరింగ్ పిలగాడికి లెక్క వస్తుంది. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండి కూడా ఒకరి ముఖం ఒకరు చూడరు. ఇద్దరూ కలవాల్సిన అవసరం ఎంతో చూడండి: 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు, మనుషులు పోలేని చోటికి రోబోలను రప్పించారు. అలాంటివి అవసరం పడ్డ రోజున వెతుక్కునేవి కావు.

మళ్లీ ధోవతి దగ్గరికి వస్తాను. తొమ్మిది వందల గ్రాములు, ముప్పై సెంటీమీటర్లు. ఇరవై ఏడు కిలో-సెంటీమీటర్లు. చేయి సొంత బరువు కూడా కలిపితే, అలాంటి మోటార్లు మూడు కట్టినా లేవదు. పెద్ద మోటార్లు పెడితే బ్యాటరీ పెరుగుతుంది, బండి బరువెక్కుతుంది, చక్రాలు మెట్ల అంచున నిలవవు. పిలగాడు ఆ రోజు సాయంత్రం అరచేతి మీది అంకెను చూసుకుంటూ ఘాటు మీద కూర్చున్నాడు. నేనూ పక్కనే ఉన్నాను. కింద ఒకామె వెదురు కర్రతో నీళ్లలోంచి చీర లాగుతోంది. కర్ర చివర ఇనుప కొక్కెం.

"ఏందిరా బిడ్డా, గట్ల గూసున్నవ్?" అని అడిగింది. వీడు చెప్పాడు. లెక్కంతా కాదు, చేయి బట్టను ఎత్తలేకపోతోందని మాత్రం.

"ఎత్తుడెందుకు? కొక్కెమేసి గుంజితే సాలు" అంది, చీరను మెట్టు మీదికి ఈడ్చుకొస్తూ.

వాడు లేచి నిలబడ్డాడు. బట్టను చేయి మోయక్కర్లేదు. చేయి తగులుకుంటే చాలు, వెనక్కి లాగేది చక్రాలు. ఆమెను ఆ కర్ర ఒకసారి చూపించమని అడిగాడు. కొక్కెం వంపును వేళ్లతో కొలిచి, ఫోన్‌లో ఫొటో తీసుకొని, బస్టాండ్ దగ్గరి వెల్డింగ్ షాపు మూసేలోగా అందుకోవాలని పరుగెత్తాడు.