జుట్టు మనది, దాని పనీ మనదే

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన పిల్లల్లో ఎవరైనా డ్రెడ్‌లాక్స్ వేయించుకుని ఫోటో పెడితే చాలు, కింద రెండు రకాల మాటలు పడుతున్నాయి. "అసలే మనల్ని అడవి మనుషులంటారు, ఈ మురికి జడలతో ఇంకా పరువు తీస్తున్నారు" అని కొందరు. "ఇదే మన ఒరిజినల్ స్టైల్, మన మూలాలు ఇవే" అని ఇంకొందరు. నా మటుకు నాకు రెండూ తప్పే అనిపిస్తుంది. డ్రెడ్స్ మురికి కాదు, మన మూలం కూడా కాదు. అది వేరే జనం కష్టపడి నిలబెట్టుకున్న గుర్తు. దాన్ని మనం తెచ్చుకుంటున్నాం. తెచ్చుకునేటప్పుడు దాని కథా తెలియాలి, దాని పనీ తెలియాలి.

ముందు కథ. జమైకాలో 1930లలో పుట్టిన రస్తాఫారీ విశ్వాసంలో ఈ జడలు ఒక వ్రతం లాంటివి. అక్కడి ప్రభుత్వం వాళ్లని చాలా ఏళ్లు నేరస్తుల్లా చూసింది. 1963లో కోరల్ గార్డెన్స్ అనే చోట గొడవ జరిగాక, దానితో సంబంధం లేని రస్తాలను కూడా పట్టుకెళ్లి కొట్టారు, జైల్లో పెట్టారు, జడలు కోసేశారు. ఆ దేశ ప్రధాని ఆండ్రూ హోల్నెస్ దానికి క్షమాపణ చెప్పింది 2017లో, అంటే 54 ఏళ్ల తర్వాత. కెన్యాలో బ్రిటిష్ వాళ్ల మీద పోరాడిన మౌ మౌ వీరులు కూడా అడవిలో ఉండి ఇలాంటి జడలతోనే తిరిగారు. వాళ్ల నాయకుడు దెదాన్ కిమాతి ఫోటో చూస్తే తెలుస్తుంది. భూమి కోసం అడవిలో ఉండి కొట్లాడటం అంటే ఏంటో కొమురం భీం మనవళ్లకి వేరే చెప్పాలా?

ఇది పాత ముచ్చట కూడా కాదు. అమెరికాలో ఉద్యోగాల్లో, బడుల్లో జుట్టు తీరు చూసి నల్లజాతి వాళ్లని పక్కన పెట్టకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది 2019లో. మలావీ దేశంలో జడలున్న రస్తా పిల్లల్ని సర్కారు బడుల్లో చేర్చుకోకపోవడం తప్పని హైకోర్టు తీర్పు వచ్చింది 2023లో. అంటే మనం సరదాగా వేయించుకునే జుట్టు కోసం అక్కడ చిన్న పిల్లలు బడి పోగొట్టుకున్నారు. అందుకే "మనదే" అనకండి. "వాళ్ల దగ్గర నుంచి తీసుకున్నాం" అనండి. మన గుస్సాడీ టోపీని ఎవరో పార్టీలో పెట్టుకుని "మా స్టైల్" అంటే మనకెలా ఉంటుంది?

ఇక మురికి అనేవాళ్లకి ఒక మాట. గుస్సాడీలు దీక్షలో ఉన్నన్ని రోజులు స్నానం చెయ్యరు. బయటివాళ్లు దాన్ని మురికి అంటే మనం ఊరుకుంటామా? మరి వేరేవాళ్ల ఆచారం మీద అదే మాట మనం ఎలా అంటాం? పైగా సరిగ్గా చూసుకునే డ్రెడ్స్‌ని వారం వారం కడుగుతారు. అసలు విషయం ఆ "సరిగ్గా" దగ్గరే ఉంది.

మనలో ఎక్కువ మందిది నున్నటి జుట్టు, లేదా కొంచెం అలలున్న జుట్టు. ఆఫ్రికా వాళ్ల రింగుల జుట్టు చుట్టితే చాలు, తనంతట తనే పట్టుకుంటుంది. మనది అలా నిలవదు. అందుకని సెలూన్‌లో జుట్టుని గళ్లు గళ్లుగా విడదీసి, ఒక్కో పాయని కొస నుంచి కుదురు వైపు ఎదురు దువ్వి, సన్న కొక్కెం సూదితో వెంట్రుకల్ని లోపలికి లాగి బిగిస్తారు. దీనికి జుట్టు కనీసం ఆరు అంగుళాలు ఉంటే మంచిది. తలంతా చెయ్యడానికి రోజంతా పడుతుంది. అయినా మొదటి రోజు అది పూర్తయినట్టు కాదు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా అది మెల్లగా గట్టిపడుతూ ఉంటుంది. ఈలోపు పొట్టి అవుతుంది, పీచులా లేస్తుంది. రీల్స్‌లో చూపించేది ఆ ఏడాది దాటాక ఉండే జుట్టు.

డబ్బులు ఇచ్చే ముందు సెలూన్ వాళ్లని ఇవి అడగండి. మాలాంటి జుట్టుకి చేశారా? చేసిన రోజువి కాదు, ఆరు నెలల తర్వాతి ఫోటోలు చూపిస్తారా? మైనం పూస్తారా? పూస్తామంటే లేచి వచ్చేయండి, అది లోపల ఇరుక్కుని దుమ్ము పట్టుకుంటుంది, కడిగినా పోదు. కుదుళ్లు మళ్లీ బిగించడానికి ఎంత తీసుకుంటారు? ఇది ముఖ్యం, ఎందుకంటే నెలకో రెండు నెలలకో మళ్లీ పోవాలి. మొదటి ఖర్చు ఒక్కటే లెక్క వేసుకుని స్కాలర్‌షిప్ డబ్బులు పెట్టేస్తే తర్వాత ఇబ్బంది. బిగించాక ఒకటి రెండు రోజులు లాగినట్టు ఉండటం మామూలే. అంతకు మించి నొప్పి ఉన్నా, కుదుళ్ల దగ్గర పొక్కులు వచ్చినా బాగా బిగించేశారని అర్థం. అలాగే వదిలేస్తే నుదుటి దగ్గర జుట్టు ఊడిపోతుంది, కొన్నిసార్లు మళ్లీ రాదు.

ఇంటికొచ్చాక పని మొదలు. వారానికి ఒకసారి జిడ్డు మిగల్చని షాంపూతో తలమాడు బాగా రుద్ది కడగాలి. కండిషనర్ వద్దు, అది ముడి వదులు చేస్తుంది. అమ్మ ప్రేమగా పెట్టే కొబ్బరి నూనె, ఆముదం కూడా జడల మీద వద్దు. అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త ఆరబెట్టడం. లోపల తడి ఉండిపోతే బూజు పడుతుంది, వాసన వస్తుంది, ఒకసారి పట్టిందంటే వదిలించడం కష్టం. పాడేరు, అరకు వైపు వానాకాలం సంగతి మీకు తెలిసిందే, బట్టలే ఆరవు. కాబట్టి పొద్దున్నే కడగండి, గట్టిగా పిండండి, తడి జుట్టుతో పడుకోకండి. హాస్టల్లో ఉండేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: పేలు పడితే జడల్లో దువ్వెన దిగదు. దిండు, దుప్పటి ఎవరితోనూ పంచుకోకండి.

చెల్లెళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర పల్లెల్లో ఆడపిల్ల జుట్టు అట్టకట్టి జడలు పడితే ఎల్లమ్మ పిలుపు అని దేవతకి వదిలేసిన రోజులున్నాయి. జోగిని చెయ్యడం నేరమని 1988లోనే మన ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. చట్టం వచ్చినా భయం పోలేదు. సెలూన్‌లో చేయించుకున్నదని ఇంట్లో అమ్మమ్మకి, నాయనమ్మకి ముందే కూర్చోబెట్టి చెప్పండి.

చివరిగా అసలు బాధ. రస్తా జడ అంటే గంజాయి అని లోకం ముద్ర వేసింది. ఏజెన్సీ కుర్రాడంటే గంజాయి అని ఇంకో ముద్ర. ఈ రెండూ ఒకే తల మీద పడితే చెక్‌పోస్టు దగ్గర మిగతావాళ్ల బ్యాగు కన్నా మన బ్యాగే ముందు తెరుస్తారు. ఇది అన్యాయమే, కానీ తెలిసి బయల్దేరండి, ఐడీ కార్డు దగ్గర పెట్టుకోండి. కానిస్టేబుల్‌కో ఆర్మీకో ప్రిపేర్ అవుతుంటే మాత్రం ఇప్పుడు వద్దు. ట్రైనింగ్‌లో ఎలాగూ కత్తిరిస్తారు, ఆ డబ్బు కోచింగ్‌కి పనికొస్తుంది.

వార్డెన్లుగా, టీచర్లుగా ఉన్న మన అన్నలకీ అక్కలకీ నా విన్నపం. శుభ్రంగా ఉందా లేదా అడగండి, పేలున్నాయా చూడండి, అది మీ బాధ్యత. కానీ పిల్లాడిని నలుగురి ముందు కూర్చోబెట్టి కత్తెర పెట్టకండి. ప్రపంచంలో చాలా చోట్ల ఆదివాసీ పిల్లల్ని "బాగు చేస్తాం" అని హాస్టళ్లలో చేర్చినప్పుడు, ముందు చేసిన పనుల్లో ఒకటి జుట్టు కత్తిరించడం. అమెరికాలో 1879లో పెట్టిన కార్లైల్ బడి చరిత్ర ఒకసారి చదవండి. ఆ పని మన చేతులతో మనం చెయ్యకూడదు.

వేయించుకునే తమ్ముళ్లకి కూడా అంతే సూటిగా చెప్తున్నా. ఏడాది పాటు వారం వారం కడిగి ఆరబెట్టే ఓపిక ఉంటే వేయించుకోండి, ఎవరేమన్నా నేను మీ వైపే. ఆ ఓపిక లేకపోతే మామూలు క్రాఫులో కూడా మీరు బాగానే ఉంటారు. జై ఆదివాసీ.