కత్తెరకు జంకే చేతికి గులాబీ దక్కదు

మన కళాశాలలో ఉర్దూ తరగతిలోను, తెలుగు తరగతిలోను ఒకే విధముగా వినవచ్చే పదములు కొన్ని ఉన్నవి. వానిలో గులాబీ ఒకటి. ఫారసీలో ‘గుల్’ అనగా పువ్వు, ‘ఆబ్’ అనగా నీరు. గులాబ్ అనగా మొదట పూనీరు. మనము పన్నీరు అనునది అదియే. మన దేశమునకు వచ్చిన పిమ్మట ఆ నీటి పేరు పువ్వుకే స్థిరపడినది. ఇక పన్నీటిని చెప్పవలసి వచ్చినప్పుడు ఉర్దూవారు ‘అర్కె గులాబ్’ అనవలసి వచ్చినది. తెలుగువారు ఆ పదమునకు ఒక దీర్ఘము చేర్చి, ఆ పువ్వును తమ ఆడపిల్లల జడలలో తురిమినారు. పెండ్లి సెహరాలోను, దర్గా చాదరుపైనను, దేవుని పటమునకు వేసిన దండలోను నేడు కనిపించునది ఆ పువ్వే.

పూర్వులు గులాబీని పొగడి ఊరకుండలేదు. దానితో పని చేసినారు. నూర్జహాను తల్లి అస్మత్ బేగము పన్నీరు తీయుచుండగా, వేడి నీటిపై తేలిన తెట్టును కొంచెము కొంచెముగా కూడబెట్టి గులాబీ అత్తరును సాధించినదని జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో వ్రాసినాడు. మన కాలమునకు వచ్చినచో, తుప్పు తెగులును తట్టుకొను గోధుమ వంగడములకై శ్రమించి, 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయిన డాక్టరు బి. పి. పాల్, గులాబీలలోను ‘ఢిల్లీ ప్రిన్సెస్’ వంటి కొత్త రకములను సృష్టించినాడు. దేశమునకు అన్నము పెట్టు పనిలో ఉన్నవానికి కూడ గులాబీ తీరిక లేని వ్యర్థవ్యాపకముగా తోచలేదు.

మరి మనము? షాయరీలో గులాబీని పొగడి, అంగడిలో గులాబీని కొనుచున్నాము. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములలో నీడగృహములందు పెంచిన పూలు హైదరాబాదు అంగళ్ళకు వచ్చుచున్నవి. ఆ రైతుల శ్రమను మేము తక్కువ చేయము. కాని దూరప్రయాణమునకు, చాలదినముల నిలువకు తగినట్లు ఏరిన ఆ రకములలో పెక్కింటికి వాసన ఉండదు. వాసన గల గులాబీ కావలెనన్నచో పెరటిలోనే పెంచుకొనవలెను.

పెంచితిమి, ఎండిపోయినది అనువారు కలరు. నర్సరీ నుండి తెచ్చిన మొక్క తొలి ఏడు విరగబూచి, మలి ఏడు పలుచబడి, మూడవ ఏట ముండ్ల కట్టెగా మిగులుట ఇంటింట చూచుచున్న సంగతియే. దీనికి కారణము ప్రేమ తక్కువగుట కాదు, కత్తిరించుటకు చేయి రాకపోవుటయే అని మా అభిప్రాయము.

గులాబీ కొత్త కొమ్మపైననే పూచును. వానలు వెనుదిరిగిన పిమ్మట, అక్టోబరు నడుమ, ఎండిన కొమ్మలను, తెగులు సోకిన కొమ్మలను, ఒకదానినొకటి ఒరయు సన్నని రెమ్మలను మొదలంట తీసివేయవలెను. మిగిలిన బలమైన కొమ్మలను సగము వరకు తగ్గించవలెను. వెలుపలి వైపు చూచుచున్న కన్నుకు కొంచెము పైన, ఏటవాలుగా, పదునైన కత్తెరతో కోయవలెను. కోసిన చోట బోర్డో ముద్ద పూసినచో కొమ్మ పైనుండి ఎండుకొని వచ్చు తెగులు రాదు. ఇట్లు చేసిన ఆరేడు వారములకు పూలు వచ్చును. వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచివేసినచో మరల చివురించి పూచును.

మరియొక కోత ఇంతకన్న ముఖ్యమైనది. నర్సరీవారు మొరటు జాతి గులాబీ వేరుపై మేలిరకపు కన్నును అంటుకట్టి ఇత్తురు. అంటుకు దిగువనుండి కొన్నాళ్ళకు ఏపుగా రెమ్మలు లేచును. మొక్క బాగుగా పెరుగుచున్నదని ఇంటివారు సంతోషింతురు. కాని అవి మొరటు జాతి రెమ్మలు. ఆహారమంతయు తామే తిని మేలిరకమును చంపివేయును. ఎర్రగులాబీ కాస్తా ఏదో చిన్న తెల్లపువ్వుగా మారినదని ఆశ్చర్యపడుటకు మూలమిదియే. ఆ రెమ్మను మొదలువరకు త్రవ్వి పెరికివేయవలెను.

తక్కినవి కష్టమైనవి కావు. దినమునకు ఆరు గంటల ఎండ, నీరు నిలువని నేల, రెండడుగుల గుంట, అందులో బాగుగా మాగిన పశువుల ఎరువు, కొంచెము వేపపిండి చాలును. నీటిని ఉదయమే మొదట పోయవలెను. ఆకులు తడిసియుండినచో నల్లమచ్చ తెగులు వ్యాపించును. మచ్చ పడి రాలిన ఆకులను ఏరి తగులబెట్టవలెను. పేనుబంక పట్టినచో వేపనూనెను సబ్బునీటిలో కలిపి సాయంకాలము చల్లవలెను. పెరడు లేనివారికి మిద్దెపై పన్నెండంగుళముల కుండీ చాలును.

విద్యాసంస్థలో పుస్తకములకు, బల్లలకు సొమ్ము చాలనప్పుడు పూలమొక్కల మాట ఎందుకని కొందరు అడుగవచ్చును. పుస్తకముల సొమ్ములో ఒక్క పైసా అడుగుట మా ఉద్దేశము కాదు. ఏటేట వార్షికోత్సవమునకు దండలు, గుచ్ఛములు కొనుచునే యున్నాము. అవి మరునాటికి చెత్తకుండీ పాలగుచున్నవి. ఆ ఒక్క దినపు ఖర్చుతో ప్రహరీగోడ వెంట ఇరువది అంట్లు నాటవచ్చును. ఒక్కొక్క మొక్కను ఇద్దరిద్దరు విద్యార్థులకు, ఒకరు ఉర్దూ శాఖనుండి, ఒకరు తెలుగు శాఖనుండి, అప్పగించవలెనని కార్యవర్గమునకు మా సూచన. వేసవి సెలవులలో నీరు పోయు బాధ్యత ఎవరిదో ముందే వ్రాతమూలకముగా నిర్ణయించవలెను. చాల తోటలు చచ్చునది ఆ రెండు నెలలలోనే.

విద్యార్థులారా, కత్తెర పట్టినచో మొక్క నొచ్చుకొనునని జంకకుడు. చదువులోను ఇంతే. అధ్యాపకుడు మీ వ్యాసములో ఎర్రసిరాతో కొట్టివేసిన వాక్యము మీపై కోపము కాదు. లోపల ఒక కన్ను చివురించవలెనను ఆశ. అది ఎక్కడ కొట్టవలెనో ఎరిగి కొట్టుట మా వంతు, కొట్టిన చోట మరల చివురించుట మీ వంతు. రాబోవు అక్టోబరులో కత్తెరతో పెరటిలోనికి వెళ్ళుడు. మరుసటి వార్షికోత్సవమునాడు ముఖ్య అతిథి చేతికి అంగడి గుచ్ఛము గాక, మన గోడ వెంట పూచిన ఒక్క గులాబీని అందించగలిగినచో అంతకన్న గౌరవము లేదు.