బండిలో కరెంటు పోతే

మన ఇళ్ళల్లో దీపం ఆరిపోతే ముందు చేసే పని వీధి గుమ్మంలోకి వచ్చి పక్కింటి వైపు చూడడం. వాళ్ళకూ లేకపోతే నిశ్చింత. విసనకర్ర పుచ్చుకుని అరుగు మీద కూర్చోవచ్చు. వాళ్ళింట్లో వెలుగుతూంటే మాత్రం లోపం మన దగ్గరే ఉందన్నమాట. ఇంగ్లండులో కారవాను ఎక్కినవాడికి ఈ విద్య ఒక్కటీ చాలదు. అక్కడ కరెంటు పోయినా బండిలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి!

కారవాను అంటే కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, హీటరు అన్నీ అందులోనే. దీపాలు 12 వోల్టుల బ్యాటరీ మీద వెలుగుతాయి. తక్కిన వాటికోసం, బండి నిలిపే చోట ఒక పొట్టి స్తంభం, దానికి నీలం రంగు సాకెట్టు ఉంటాయి. నారింజ రంగు కేబులు తగిలిస్తే 230 వోల్టుల కరెంటు వస్తుంది. అయితే ఇంత అని కొలిచి ఇస్తారు. కొన్నిచోట్ల 16 ఆంపియర్లు, కొన్నిచోట్ల 10, మరికొన్నిచోట్ల 6.

గృహిణులకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. ఇది నెల జీతం లాంటిది. 16 ఆంపియర్లంటే 3,680 వాట్లు, 10 అంటే 2,300, 6 అంటే 1,380. ఆ దేశంలో ఇళ్ళల్లో వాడే కెటిల్ ఒక్కటే 3,000 వాట్లు తాగేస్తుంది. దానికి తోడు హీటరు 1,000 వాట్ల మీద పెట్టారనుకోండి, 16 ఆంపియర్ల జీతం కూడా చాలదు. స్విచ్చి పడిపోవచ్చు. అప్పుడు ఏదో ఒకటి ఆపి స్విచ్చి ఎత్తితే సరి. తెలిసినవాళ్ళు 1,000 వాట్ల చిన్న కెటిల్ వెంట తీసుకుపోతారు.

రెండో రకం వేరు. బండి లోపల ఆర్.సి.డి. అని ఒక కాపలాదారు ఉంటాడు. వెళ్ళిన కరెంటు వెళ్ళినంతా తిరిగి వచ్చిందా లేదా అని అతను సదా లెక్క చూసుకుంటూంటాడు. 30 మిల్లీఆంపియర్లు తక్కువ వస్తే చాలు, ఎక్కడో తడిలోకో, మనిషి ఒంట్లోకో కారిపోతోందని రెప్పపాటులో మొత్తం ఆపేస్తాడు.

క్రిందటి అక్టోబరులో లేక్ డిస్ట్రిక్టులో మాకు జరిగింది ఇదే. రోజంతా వాన. రాత్రి 8 గంటలవేళ మా అమ్మాయి నీళ్ళు కాగడానికి బాయిలరు వేసింది. కాసేపటికి హీటరు ఆగిపోయింది. అయిదు నెలల మనవడు అమ్మమ్మ ఒళ్ళో ఉన్నాడు. వాడి చేతులు చల్లబడుతున్నాయి. మా అల్లుడు స్విచ్చి ఎత్తాడు, పడింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడింది.

"ఏవండీ, గ్యాసు పొయ్యి మొత్తం వెలిగిస్తే బండి వెచ్చబడదూ?" అంది మా ఆవిడ.

"వద్దు. తలుపులన్నీ మూసిన గదిలో పొయ్యి అలా మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పిల్లాడు నిద్రపోతున్నాడనే అనుకుంటాం" అన్నాను.

ఆవిడ మాట్లాడకుండా మరో శాలువ తీసి వాడికి చుట్టింది.

"ఇంకొక్కసారి చూస్తాను, మావయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"ఆగు బాబూ. అది ఎందుకు పడుతోందో ముందు చూద్దాం."

చిన్న స్విచ్చులన్నీ దించేశాం. సాకెట్లలో ఉన్నవన్నీ ఊడదీశాం. అప్పుడు ఆర్.సి.డి. ఎత్తితే నిలిచింది. అంటే దొంగ ఆ దించినవాటిలోనే ఉన్నాడు. ఒక్కొక్క స్విచ్చే ఎత్తుతూ వచ్చాం. హీటరు బాగుంది. ఫ్రిజ్ బాగుంది. బాయిలరు స్విచ్చి ఎత్తగానే అంతా పడిపోయింది. దాన్ని ఆపి, తక్కినవి వేసుకుని, పది నిమిషాల్లో బండి వెచ్చజేశాం. మర్నాడు మెకానిక్ వచ్చి బాయిలరు లోపలి కడ్డీలోకి తడి చేరిందని చెప్పి కొత్తది వేశాడు.

స్విచ్చులన్నీ దించినా ఆర్.సి.డి. నిలవకపోతే మన చేతుల్లో పని కాదు. కేబులు స్తంభం దగ్గర ఊడదీసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. స్తంభంలో స్విచ్చి పడిపోయి, ఆ పెట్టెకు తాళం ఉంటే ఆ స్థలం చూసుకునే వారిని అడగాలి. అంతేగాని, పదేపదే పడే స్విచ్చికి పుల్ల అడ్డం పెట్టే తెలివి మాత్రం ఎవరు నేర్పినా నేర్చుకోకండి.

మీ పిల్లలు అక్కడ ఉండి, ఈ బండి ఎక్కే యోగం మీకూ పడితే ఈ నాలుగూ గుర్తుంచుకోండి. కేబులు చుట్టగా ఉంచక పూర్తిగా విప్పాలి. చుట్టలో వేడి పుడుతుంది. తగిలించేటప్పుడు ముందు బండికి, తర్వాత స్తంభానికి. తీసేటప్పుడు ముందు స్తంభం దగ్గర. గాలి వచ్చే కంతలను చలికి జడిసి గుడ్డలతో మూయరాదు. ఆర్.సి.డి. మీద పరీక్ష బొత్తాం ఉంటుంది. బండి నిలిపిన ప్రతిసారీ నొక్కి చూడాలి. నొక్కగానే పడిందా, ఆ రాత్రి పిల్లల్ని నిశ్చింతగా పడుకోబెట్టవచ్చు. పడలేదా, బాగుచేయించేదాకా కరెంటు జోలికి పోకండి.