బిడ్డ చేతికి బండి తాళం ఇచ్చే ముందు

పదవ తరగతి అయిపోయి కాలేజీలో చేరగానే పిల్లలు అడిగే మొదటి కోరిక బండి. తల్లిదండ్రులకు కాదనడం కష్టమే. శిరివెళ్ళ, ఆళ్ళగడ్డ వైపు నుండి నంద్యాలకు చదువుకొనుటకు వచ్చే పిల్లలకు బస్సు కోసం ఎదురుచూడడం ఇబ్బందే. అయినా పద్ధెనిమిదేళ్ళు నిండే వరకు బండి ఇవ్వవద్దని మేము కోరుచున్నాము.

"పదహారేళ్ళకే ఎల్.ఎల్.ఆర్. ఇస్తారు గదా?" అని కొందరు అడుగుతారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 16 ఏళ్ళు నిండినవారు తల్లిదండ్రుల వ్రాతపూర్వక అనుమతితో దానిని పొందవచ్చు. కాని అది గేర్లు లేని, 50 సి.సి. మించని బండికే చెల్లుతుంది. మన వీధుల్లో తిరిగే ఎక్స్.ఎల్. 100 దాదాపు 100 సి.సి., యాక్టివా దాదాపు 110 సి.సి. గేర్లు లేవు గనుక ఫరవాలేదని అనుకొనవద్దు.

2019 సెప్టెంబరు 1 నుండి శిక్షలు కఠినమైనవి. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేక బండి యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ బిడ్డకు 25 ఏళ్ళు వచ్చేవరకు లైసెన్సు రాదు. ఎదుటివారికి చెల్లించిన నష్టపరిహారాన్ని ఇన్సూరెన్సు కంపెనీ యజమాని నుండి తిరిగి రాబట్టవచ్చు. అప్పుడు అమ్ముకొనవలసినది పొలమే.

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. తలకు తగిలిన దెబ్బ అలాంటిది కాదు. ప్రపంచంలో 5 నుండి 29 ఏళ్ళ వయస్సు వారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారిపై లారీలతో పాటు ఎద్దుల బండ్లు, గొర్రెల మందలు, కోతల కాలంలో ఆరబోసిన ధాన్యం కూడా ఉంటాయి. 2014 ఏప్రిల్‌లో ఎమ్మెల్యే శోభా నాగిరెడ్డి గారి కారు ఆళ్ళగడ్డ దగ్గర రోడ్డు మీది ధాన్యపు కుప్పను తప్పించబోయి బోల్తాపడగా ఆమె మరణించిన సంగతి మనమెవరం మరువలేదు. కారుకే అంత ప్రమాదమైతే రెండు చక్రాల మీది పదహారేళ్ళ బిడ్డ సంగతేమిటి?

పద్ధెనిమిది నిండిన వెంటనే మీరే దగ్గరుండి ఎల్.ఎల్.ఆర్. తీయించండి. వయస్సు, చిరునామా ఋజువులతో దరఖాస్తు చేసి, రోడ్డు గుర్తులు, నియమాల పరీక్ష వ్రాయాలి. ఇది 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాక బండి నడిపి చూపి పక్కా లైసెన్సు పొందవచ్చు. నేర్చుకొనేటప్పుడు బండికి ముందు, వెనుక "ఎల్" గుర్తు ఉండాలి. లైసెన్సు ఉండి నేర్పించేవారే వెనుక కూర్చోవాలి, స్నేహితులు కాదు.

హెల్మెట్ తలకు పెట్టుకొనడానికే గాని, అద్దానికి తగిలించడానికి కాదు. హెల్మెట్ వలన తలగాయాల ముప్పు 69 శాతం, మరణం ముప్పు 42 శాతం తగ్గుతాయని పరిశోధనలు తేల్చాయి. వెనుక కూర్చున్నవారికీ అది తప్పనిసరి.

చివరిగా ఒక మాట. తండ్రి హెల్మెట్ లేకుండ, ఫోను చెవి దగ్గర పెట్టుకొని నడిపితే బిడ్డ నేర్చుకొనేది అదే. ఈ రెండేళ్ళు బస్సు పాసో, సైకిలో సర్దుకొనమని చెప్పండి. బిడ్డ అలిగితే రెండు రోజులలో మరచిపోతాడు.