డిఫాల్ట్ అంటే ఎవరి డిఫాల్టండీ?

"నువ్వే బయోస్‌లో ఏదో కెలికుంటావ్!"

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుద్ది. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ సందుల్లోని చిన్న గ్రాఫిక్స్ ఆఫీసుల్లో నా స్నేహితులు కొందరు పనిచేస్తారు. రాత్రంతా రెండరింగుకి పెట్టిన పీసీ పొద్దున్నకి చచ్చి కూర్చుంటే తిట్లు తినేది ఆ కుర్రాడే. సినిమా రిలీజు డేటు వాడికోసం ఆగదు కదా!

అసలు కెలికింది ఎవరో చూద్దాం. ఇంటెల్ కోర్ ఐ9-13900కె, 14900కె చిప్పులకి ఇంటెల్ చెప్పిన గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. జెడ్790 లాంటి ఖరీదైన బోర్డులు చాలావాటికి ఆ పరిమితిని ఫ్యాక్టరీలోనే ఎత్తేశారు. కొన్నిట్లో 4096 వాట్లని ఉంటుంది. అంటే రెండు గీజర్లండీ బాబూ! ఎందుకయ్యా అంటే, రివ్యూల్లో పక్క కంపెనీ బోర్డు కన్నా నాలుగు పాయింట్లు ఎక్కువ రావాలిగా.

ఇంటెల్ కూడా తక్కువ తిన్లేదు. 2024లో మొదట బోర్డుల వైపు వేలు చూపించింది. జూలైకొచ్చేసరికి తన మైక్రోకోడే ఎక్కువ వోల్టేజీ అడుగుతోందని ఒప్పుకుంది. ఆగస్టులో ఒక ప్యాచ్, సెప్టెంబరులో ఇంకోటి, వారంటీ మరో రెండేళ్ళు. ఐతే అప్పటికే దెబ్బతిన్న చిప్పుని ఏ ప్యాచూ బాగుచెయ్యదు. పైగా అన్‌రియల్ ఇంజిన్‌లో వచ్చే ఎర్రరేమో "వీడియో మెమరీ అయిపోయింది" అని! తప్పు ప్రాసెసర్‌ది, నింద గ్రాఫిక్స్ కార్డుకి.

"అంత పెట్టి బోర్డు కొన్నోడికి బయోస్ తెలియొద్దా?" అంటారు కొందరు. ఎందుకు తెలియాలి? మన సాఫ్ట్‌వేర్‌లో పాస్‌వర్డ్ 'అడ్మిన్' అని పెట్టిచ్చి, మార్చుకోకపోవడం కస్టమర్ తప్పంటే మనం ఒప్పుకుంటామా? ఏమీ ముట్టుకోనివాడికి ఏమీ కాదని ఇచ్చే మాటే డిఫాల్ట్. ఆ మాట తప్పింది కంపెనీలు.

అంచేత ఈ చిప్పులున్న మెషీను కూలుతుంటే విండోస్ ఫార్మాట్ కొట్టకముందే బయోస్ అప్‌డేట్ చెయ్యండి. 'ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్' ఎంచుకోండి. ఎక్స్‌ఎంపీ ఆపి చూడండి, అదీ ఓవర్‌క్లాకింగే. అప్పటికీ కూలుతుంటే చిప్పుని వారంటీకి పంపండి.

కుర్రాణ్ణి తిట్టడం అన్నిటికన్నా ఆఖర్న పెట్టుకోండి. అక్కడిదాకా రాదు లెండి :)