కాగితము వేరు, కిటికీ వేరు

తెలంగాణమునుండి కూలికై ముంబయి వచ్చిన కామాఠీల పేరనే కామాఠీపురా వెలసినది. ఆ వీధులలోను, ప్రక్కనున్న నాగ్‌పాడాలోను చాళ్లయందు నివసించు తెలుగు కుటుంబములకు భాడా పావతియు (అద్దె రసీదు) మిల్లు టికెట్టును (కార్మికుని గుర్తింపుపత్రము) కేవలము పాతకాగితములు కావు. చాళు పునర్నిర్మాణమునకు వచ్చినపుడు క్రొత్త గదికి హక్కుదారుడెవడో పావతియే పలుకును. 1982 సమ్మె తరువాత మూతబడిన మిల్లుల కార్మికులకు మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థయైన మ్హాడా యిండ్లు కేటాయించు పథకమున, ఆ యేడు జనవరి 1 నాటికి గాని తరువాత గాని తాము పనిలో నుంటిమని కార్మికులు కాగితముతో నిరూపింపవలయును.

కావున ఇట్టి పత్రములను స్కాన్ చేసి, సభ్యుని పేరు నొక్కగానే ఆతని పావతి తెరమీద ప్రత్యక్షమగునట్లు మైక్రోసాఫ్ట్ ఆక్సెస్‌లో ఒక ఫారము కట్టుకొనిన సంఘము వివేకము గలదే. చిక్కు సాఫ్ట్‌వేరు మార్చిన మరునాడు ఆరంభమగును. ఫారము తెరచుకొనును, పేర్లన్నియు కనబడును. పావతి యుండవలసిన చోట మాత్రము తెల్లని గడి మిగులును. ‘డేటా పోయింది’ అను కేక పుట్టును.

ఆ కేకను నమ్మి సొమ్ము వెచ్చించుటకు ముందు, పీడీఎఫ్ ఫైలును ఫోల్డరునుండి నేరుగా తెరచి చూడవలెను. తెరచుకొనెనా, కాగితము క్షేమము. చెడినది దానిని చూపు కిటికీయే. ఆ కిటికీ ఆక్సెస్ సొంతము గాదు. యాక్టివ్‌ఎక్స్ పద్ధతిలో అడోబీ రీడరునుండియో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునుండియో తెచ్చి యతికించిన యెరువుసొమ్ము. కంట్రోలనబడు ఈ యతుకు 32 బిట్లదైనచో 64 బిట్ల ఆఫీసులో ప్రవేశింపజాలదు. 2019 సంచికనుండి ఆఫీసు, వేరుగా కోరనిచో, 64 బిట్లదిగానే దిగుచున్నది. ఎక్స్‌ప్లోరరు 11నకు 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే స్వస్తి పలికినది. అకౌంటు పుటలోని ‘అబౌట్ ఆక్సెస్’లో బిట్ల సంఖ్యను, వీబీఏ రిఫరెన్సుల పట్టికలో ‘మిస్సింగ్’ అను మాటను వెదకినచో సగము రోగము బయటపడును.

32 బిట్ల ఆఫీసును మరల నెక్కించినను, మైక్రోసాఫ్ట్ 365లోని ఎడ్జ్ బ్రౌజరు కంట్రోలును ఆ చోట నిలిపినను తెర వెలుగవచ్చును గాని, ఎరువు ఎరువుగానే యుండును. యాక్టివ్‌ఎక్స్ దుష్టప్రోగ్రాములకు దొడ్డిదారి యైనందున దానిని కట్టడి చేసిన కంపెనీలను నిందించుట న్యాయము గాదు. తరతరములు నిలువవలసిన పత్రమును నాలుగేండ్లు నిలువని ప్రదర్శకమునకు ముడివేసిన రచనయే దోషమూలమని నా మతము. పత్రములను డేటాబేసు లోపలనే కుక్కినవారి యిబ్బంది మరియు పెద్దది. ఏలయన ఆక్సెస్ ఫైలు 2 గిగాబైట్లు మించి పెరుగదు, ఓఎల్ఈ యను రకపు గడిలో పొదిగిన పత్రము తన్ను పుట్టించిన ప్రోగ్రాము లేనిచో తెరచుకొనదు.

పత్రములన్నియు ఫోల్డరులో సాధారణ పీడీఎఫ్‌లుగా నుండవలెను. పట్టికలో వాని చిరునామా మాత్రముండవలెను. మీట నొక్కినచో ఆ యంత్రముననున్న యే రీడరైనను దానిని విడిగా తెరవవలెను. ఫారము అందము కొంత తగ్గునన్న మాట నిజమే, ఆ నష్టము భరింపదగినదే. మరియు, అప్‌గ్రేడును మొదట ఒక నకలుమీద నడిపి, పావతులు తెరచి చూపిన పిదపనే సాంకేతికునకు కూలి చెల్లింతుమని సంఘములు మహాసభలో తీర్మానించుకొనవలెను. మ్హాడా బల్లముందు నిలిచిన వృద్ధకార్మికునకు ‘కంట్రోలు లోడు కాలేదు’ అను సమాధానము అక్కరకు రాదు గదా!