బియ్యం ఉన్నాయి.. బిడ్డ ఎదగట్లేదు!

‘మావాడికి రెండేళ్లు నిండాయి. వయసుకు తగ్గ పొడుగు లేడు. ఏముంది, వాళ్ల నాన్న పోలిక!’

ఊళ్లో ఏ అరుగు మీద కూర్చున్నా వినిపించే మాటే ఇది. ఒకరిద్దరి విషయంలో నిజమే కావచ్చు. కానీ ముగ్గురు పిల్లల్లో ఒకరు అలాగే ఉంటే? దాన్ని పోలిక అని సరిపెట్టుకోలేం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఐదేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల గిడసబారినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం.

తిండికి లేకనా? ఉమ్మడి రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం 1983లోనే వచ్చింది. ఇప్పుడు రేషన్ బియ్యానికి పైసా కట్టనక్కర్లేదు. అయినా పసివాళ్ల పరిస్థితి ఇది. అంటే ఇంట్లోకి వచ్చిన తిండికీ, బిడ్డ నోట్లోకి వెళ్లే ముద్దకూ మధ్య ఎక్కడో తేడా వస్తోంది.

అన్నప్రాశన తర్వాత ఏం పెడుతున్నాం?

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే చాలు. ఆ తర్వాత పాలతోపాటు తిండీ కావాలి. మన పెద్దలు అన్నప్రాశన పెట్టింది సరిగ్గా ఆ వయసుకే. పాయసం నాకిస్తాం, పుస్తకం పట్టుకున్నాడా బంగారం పట్టుకున్నాడా అని మురుసుకుంటాం. మరి ఆ మర్నాటి నుంచి? పప్పు మీది తేట, చారన్నం, గంజి. కూర పెడితే కారం. గుడ్డు పెడితే అరగదు. నూనె వేస్తే దగ్గు!

పసివాడి పొట్ట చిన్నది. నాలుగు చెంచాల పల్చటి జావకే నిండిపోతుంది. ఏడుపు ఆగింది కదా, తిన్నాడనుకుంటాం. తిన్నదాంట్లో ఎక్కువ నీళ్లే. అదే సర్వేలో ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో సరిపడా తిండి అందుతున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి పదకొండు మందే! ఆ వయసులో పోగొట్టుకున్న ఎత్తు తర్వాత తిరిగి రావడం చాలా కష్టం.

అమ్మకు తీరికేదీ?

తప్పంతా తల్లిదేనా? నాట్ల రోజుల్లో ఆమె తెల్లారకముందే లేచి, ఇంత వండి, కూలీల ఆటో ఎక్కాలి. బిడ్డ నాయనమ్మ దగ్గరో, ఎనిమిదేళ్ల అక్క దగ్గరో ఉంటాడు. ఏడాది పిల్లాడికి రోజుకు మూడు నాలుగు సార్లు, బుజ్జగిస్తూ, మెత్తగా కలిపి పెట్టాలి. చూపానని నాయనమ్మకు ఓపిక చాలదు. అక్కకు చేతకాదు. ఏడిస్తే ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టు!

పొద్దున వండిన అన్నం మధ్యాహ్నానికి పాడైతే విరేచనాలు. అప్పుడు ‘లంఖణం పరమౌషధం’ అంటూ ఉన్న తిండి కూడా మానిపిస్తాం. నిజానికి విరేచనాలప్పుడు ఓఆర్ఎస్, జింకు ఇస్తూ, పాలూ తిండీ ఆపకుండా పెట్టాలి. లేకపోతే నెల రోజులు పెరిగిన బరువు నాలుగు రోజుల్లో పోతుంది.

ఇంకాస్త వెనక్కి వెళితే, కథ బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. అదే సర్వేలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. తానే ఇంకా ఎదగాల్సిన పిల్ల కడుపులో మరో బిడ్డ. పైగా ‘ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది’ అని గర్భిణి నోరు కట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక తక్కువ బరువుతో బిడ్డ పుట్టడంలో వింతేముంది?

ప్యాకెట్టు ఇంటికి చేరింది.. బిడ్డకో?

1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ వ్యవస్థ చేసిన మేలు తక్కువేం కాదు. కాకపోతే ఒక చిక్కుంది. మూడేళ్లు దాటినవాళ్లు కేంద్రానికి వచ్చి వేడిగా తింటారు. అంతకంటే చిన్నవాళ్లకు ఇంటికే సరుకు ఇస్తారు. తిండి అందరికన్నా ఎక్కువ అవసరమైనది వాళ్లకే. తెలంగాణలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు. రోజుకు వంద గ్రాముల లెక్క. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలుంటే అది పదిరోజుల్లో ఖాళీ! ఒకరికి పెట్టి మిగతావాళ్ల మొహం చూడగలిగే తల్లి ఎవరు?

పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాశారు. అలాంటి నీడపట్టు మీరెన్ని చోట్ల చూశారు?

ఖర్చు లేని పనులు

చెంచా వంచితే జారిపోనంత గట్టిగా ముద్ద కలపండి. పప్పు తేట కాదు, పప్పే మెదిపి పెట్టండి. ఓ చెంచా నూనో నెయ్యో వేయండి. ఉడికిన గుడ్డు చిదిమి పెట్టండి. గోధుమలు, శనగపప్పు, పల్లీలు వేయించి పొడి చేసి బెల్లం కలిపితే మంచి బలం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ ఇలాంటిదే. పిల్లాడి బరువు నెలనెలా తూయించండి. ఆరు నెలలు దాటిన పిల్లల జబ్బ చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లకు తగ్గితే ఆలస్యం చేయొద్దు, పదకొండున్నరకూ తగ్గితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇవన్నీ తల్లికి చెప్పి ఊరుకుంటే సరిపోదు. సాయంత్రం ముద్ద తినిపించే పని నాన్న తీసుకోవచ్చు. మీకు పొలం ఉందా? నాట్లేసేవాళ్లలో చంటిబిడ్డ తల్లి ఉంటే, కూలి తగ్గించకుండా మధ్యాహ్నం ఓ గంట ఇంటికి పంపండి. రేషన్ బియ్యం ఇవ్వలేనిది ఆ గంటే!